నీలిపువ్వు పరుపు

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంతా కాదులే, ఆ ఊళ్ళో ఒకే ఒక్క వీధిలో, ఒక పరుపు ఉండేది. ఈ కథలో రాజు లేడు. రాణీ లేదు. పరుపే ఉంది. ఊఁ కొడతావా మరి? కొట్టు.

ఆ వీధిలో అందరూ రంగులవాళ్ళు. చెక్క అచ్చులతో బట్టల మీద పువ్వులూ, లతలూ, చిలకలూ అద్దేవాళ్ళు. ఏ పెరట్లో చూసినా రంగుల కుండలు, నీలిమందు తొట్లు. ఆ వీధి పిల్లల గోళ్ళు కూడా ఎప్పుడూ నీలంగానే ఉండేవి. వీధి చివర కాలువ ఉండేది. అద్దిన బట్టలన్నీ అందులో ఉతికి గట్టు మీద ఆరేస్తే, అక్కడ తోట మొలిచినట్టుండేది.

అందరి ఇళ్ళలోనూ చాపలు, బొంతలు, నులకమంచాలు. దూది పరుపు మాత్రం వీధి మొత్తానికి ఒక్కటే. అల్లుడొచ్చినా, పురుడొచ్చినా, జ్వరమొచ్చినా ఆ పరుపే ఆ ఇంటికి వెళ్ళేది. పని అయిపోగానే మళ్ళీ అచ్చాయమ్మ మామ్మ ఇంటికి చేరేది. ఆవిడే దానికి కాపలా.

అచ్చాయమ్మ మామ్మ ఎంత ఉండేదనుకున్నావు? మన తలుపు గడియ అంత ఎత్తు, అంతే. కానీ చేతిలో బెత్తం ఉండేది. ఆ బెత్తం పిల్లల్ని కొట్టడానికి కాదు, పరుపు దులపడానికి. పిల్లలకి ఆ సంగతి తెలీదు, అందుకని పారిపోయేవాళ్ళు.

పరుపు తిరిగి రాగానే మామ్మ దాన్ని లోపల పెట్టుకుని తలుపు వేసుకునేది. వారం రోజులు పెరటి తలుపు కూడా తెరిచేది కాదు. ఆ తర్వాత పరుపు బయటికొస్తే తెల్లటి గలేబు వేసుకుని జాజిపువ్వులా ఉండేది. లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగలేదు.

ఆ వీధికి ఒక కట్టుబాటు ఉండేది. పరుపు ఎలా తీసుకెళ్ళారో అలాగే తేవాలి. పాడుచేసిన ఇంటికి మళ్ళీ పరుపు లేదు. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. భయం మాత్రం అందరికీ ఉండేది.

ఆ వీధిలోనే వరాలు అని ఎనిమిదేళ్ళ పిల్ల ఉండేది. మాటకి మాట అప్పజెప్పే పిల్ల. "వాన దేవుడు పంపిస్తే మరి బురద ఎవరు పంపించారు?" అని పంతులుగారినే అడిగిన పిల్ల. పగలంతా ఎవరితోనైనా సరే వాదించి గెలిచేది. తెల్లారేసరికి మాత్రం చాప దగ్గర ఓడిపోయేది.

ఎందుకంటావా? చాప తడిసి ఉండేది, అందుకు.

రోజూ కాదు. కానీ ఎప్పుడు తడుస్తుందో తెలీదు. పిల్లలు "కాలువ వరాలూ, కాలువ వరాలూ" అని వెంటపడేవాళ్ళు. ఎవరు ఏమన్నా తిప్పికొట్టే వరాలు, ఆ ఒక్క మాటకి మాత్రం నోరు మెదపలేకపోయేది.

వరాలుకి ఒక పిన్ని ఉండేది. పేరు సత్యవతి. కిందటేడు వచ్చినప్పుడు పిన్ని పక్కలోనే పడుకుంది వరాలు. చాప తడిసింది. అప్పుడు పిన్ని అందరికంటే ముందు లేచి, చాప కడిగి, పరికిణీ మార్చి, ఏమీ ఎరగనట్టు కాఫీ తాగుతూ కూచుంది. ఎవరికీ చెప్పలేదు. వరాలుకి కూడా చెప్పలేదు. ఒక్కసారి కన్ను గీటింది, అంతే.

అలాంటి పిన్ని పురిటికి వస్తోంది. పిన్నికి అమ్మ లేదు. అందుకని వరాలు వాళ్ళమ్మే, అక్క కాబట్టి, పురుడు పోస్తానంది. పిన్ని కబురు పంపింది: "నడుం విరిగిపోతోందక్కా, నులక మీద ఒత్తిగిలలేకపోతున్నాను. ఆ పరుపు ఒక్కటి ఉంటే చాలు. ఇంకేం వద్దు."

వాళ్ళమ్మ మూడు నెలల ముందే మామ్మకి చెప్పి పెట్టుకుంది. పిన్ని వచ్చే ముందురోజు పరుపు ఇంటికొచ్చింది. నడింట్లో నులకమంచం మీద పరిచారు. పిన్ని మర్నాడు సాయంత్రం పడవకి దిగుతుంది.

తెల్లారింది. వరాలు వాళ్ళ నాన్న బట్టల మూట నెత్తినెట్టుకుని పక్కూరి సంతకి వెళ్ళాడు. వాళ్ళమ్మ ఉతకాల్సిన బట్టలు తీసుకుని కాలువకి వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ఒసే వరాలూ, దాని మీద చెయ్యి కూడా వెయ్యకు."

వరాలు చెయ్యే వేసింది ముందు. మెత్తగా ఉంది. ఆ తర్వాత చెంప ఆనించింది. ఇంకా మెత్తగా ఉంది. ఆ తర్వాత, ఒక్కసారి నడుం వాల్చి లేచిపోదాం, పిన్నికి ఎలా ఉంటుందో చూద్దాం అనుకుని పడుకుంది.

పుట్టాక అంత మెత్తటిది ఎరగదు కదా, పాపం. కళ్ళు మూతపడ్డాయి. కలలో కాలువలోకి దిగింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. కాలువలో నీళ్ళు గోరువెచ్చగా ఎందుకున్నాయబ్బా అని కలలోనే అనుమానం వచ్చింది. ఉలిక్కిపడి లేచింది.

కాలువ కాదు.

తెల్లటి పరుపు మీద పళ్ళెమంత తడి. వరాలుకి భయమేసింది. అమ్మ తిడుతుందని కాదు. పిల్లలు నవ్వుతారనీ కాదు. సాయంత్రం పిన్ని వస్తుంది. తన సంగతి ఎవరికీ చెప్పని పిన్ని ఒక్క పరుపు అడిగింది. ఆ పరుపే తను తడిపింది. ఇప్పుడు కట్టుబాటు ప్రకారం పరుపు వెనక్కి తీసుకెళ్ళిపోతారు. పిన్ని నులకమంచం మీద మూలుగుతూ పడుకోవాలి.

"సాయంత్రానికి దీన్ని బాగుచేస్తాను" అనుకుంది వరాలు. ఎలాగో తెలీదు. తెలీదని ఎవరినీ అడగనూ లేదు. తప్పంతా అక్కడే వచ్చింది.

మొదట సాంబ్రాణి వేసింది. పొయ్యిలో నిప్పులు తెచ్చి, పిడత మంచం కింద పెట్టి, గుప్పెడు సాంబ్రాణి చల్లింది. పొగ గుప్పుమంది. ఆ పొగ తగ్గాక వాసన చూసింది. సాంబ్రాణి వాసన ఉంది. ఆ వాసనా ఉంది. రెండూ కలిసి మూడో వాసన పుట్టింది. అది రెండింటికంటే ఘోరంగా ఉంది.

అప్పుడు నీళ్ళు పోసింది. రంగులవాళ్ళ పిల్ల కదా, ఏ మరకైనా నీళ్ళలో ముంచితే పోతుందని పుట్టినప్పటినుంచీ చూస్తోంది. పరుపుని కాలువకి మోసుకెళ్ళలేదు కాబట్టి కాలువనే పరుపు దగ్గరికి తెచ్చింది. ఒక కడవ. రెండు కడవలు. మూడు కడవలు. బట్ట నీళ్ళని వదిలేస్తుంది. దూది వదలదు, తాగి కూచుంటుంది. పళ్ళెమంత తడి చేటంత అయింది. చేటంత తడి మంచమంత అయింది. నులక సందుల్లోంచి నీళ్ళు కారి నడిల్లు దాటి గడప దాకా పోయాయి. పరుపు ఎత్తబోతే చూడి గేదెలా కదల్లేదు.

పోనీ మరకైనా పోయిందా? లేదు. చుట్టూ పసుపుపచ్చ గీత ఒకటి కొత్తగా వచ్చింది.

ఆ తర్వాత వరాలు చేసిన పని ఉందే, అది రంగులవాళ్ళ పిల్ల తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యలేరు. పెరట్లోకి పరిగెత్తి, నీలిమందు తొట్లో గుడ్డ ముంచి తెచ్చింది. నీలి తొట్లోంచి తీసిన గుడ్డ మొదట నీలంగా ఉండదు, తెలుసా? పసుపుపచ్చగా ఉంటుంది. గాలి తగిలాకే నీలం తేలుతుంది. ఆ సంగతి వరాలుకి ఉగ్గుపాలనాటినుంచి తెలుసు. కానీ భయం వేసినప్పుడు తెలిసినవి కూడా పనికి రావు. "మరకా పసుపే, ఇదీ పసుపే, కలిసిపోతుంది" అనుకుని పరుపు మీద గబగబా పూసేసింది.

కలిసిపోయింది. వరాలు హమ్మయ్య అనుకుంది.

ఆ "హమ్మయ్య" నోట్లో ఉండగానే పసుపు ఆకుపచ్చయింది. ఆకుపచ్చ నీలమైంది. తెల్లటి పరుపు నడిమధ్య నీలం రంగు చెరువు ఒకటి వెలిసింది.

సరిగ్గా అప్పుడే గవర్రాజు వచ్చాడు. గవర్రాజు ఎదురింటాయన. వరాలుకి మావయ్య వరస. వచ్చే నెల ఆయనింటికి కొత్తల్లుడు వస్తాడు, పరుపు వంతు తర్వాత ఆయనదే. వీధిలో పోతూ గడప దగ్గర నీళ్ళు చూసి లోపలికి తొంగిచూశాడు.

"ఓరి నాయనో! పరుపుకి నీలిమందా! ఇల్లంతా నీళ్ళా! రండర్రా, చూడండర్రా!"

ఆయన గొంతు కాలువ అవతలికి కూడా వినపడేది. వీధంతా వచ్చేసింది. వరాలు వాళ్ళమ్మ తడి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ముందు పరుపు చూసింది. ఆ తర్వాత వరాలు పరికిణీ చూసింది. వెళ్ళి పిల్లకి అడ్డంగా నిలబడింది.

"కడవ ఒలికిందన్నయ్యా. నా చెయ్యే తగిలింది."

"నువ్వు కాలువ దగ్గరున్నావు కదమ్మా చెల్లెమ్మా. అక్కణ్ణించి తగిలిందా చెయ్యి?"

"అంటే... పిల్లి. పిల్లి తోసింది."

"ఖాళీ కడవలు మూడున్నాయిక్కడ, మూడూ పిల్లేనా? ఆ పిల్లినోసారి మా ఇంటికి పంపు, నీళ్ళు మోయిస్తాను."

"చూరు కారింది కాబోలు."

గవర్రాజు ఆకాశంకేసి చూశాడు. వీధంతా చూసింది. మబ్బు ముక్క లేదు. అందరూ నవ్వారు. వాళ్ళమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ఎన్నడూ అబద్ధమాడని అమ్మ, తన కోసం మూడు అబద్ధాలాడి మూడూ ఓడిపోయింది. వరాలుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు గుంపు రెండుగా చీలింది. బెత్తం ముందు, అచ్చాయమ్మ మామ్మ వెనక. మామ్మ పరుపు చుట్టూ ఒకసారి తిరిగింది. వంగి వాసన చూసింది. వేలితో నొక్కింది. ఎవరినీ తిట్టలేదు. ఒక్క మాట అడిగింది.

"ఏం పడింది దీని మీద?"

మామ్మ అందరి మొహాలూ కలయజూసింది.

"ఇది తగువు కాదర్రా, వైద్యం. పాలు పడితే ఒక మందు. నూనె పడితే ఒక మందు. ఉచ్చ పడితే ఇంకో మందు. ఉన్నది చెబితే సాయంత్రం పడవలోగా ఆరబెట్టి ఇస్తాను. అబద్ధం చెప్పారనుకో, నేను అబద్ధానికే మందు వేస్తాను. ఇవాళ్టికి బాగానే ఉంటుంది. మొదటి వాన పడ్డనాడు ఆ పురిటి పిల్ల ముక్కు మూసుకుని పడుకోవాలి."

మామ్మ ముక్కుకి తెలియక కాదు. ఎవరి నోటి మాట వాళ్ళ నోటినుంచే రావాలని ఆవిడ పట్టుదల.

వరాలు అమ్మ కొంగు వెనకాల నిలబడి ఆలోచించింది. ఊరుకుంటే సరిపోతుంది. అమ్మ అడ్డంగా ఉంది. కానీ పిన్ని? అమ్మ మాట నిజమనుకుని నీళ్ళకి మందు వేస్తే పిన్ని ఆ వాసన మీదే పడుకోవాలి. పిన్ని ఆ రోజు తన కోసం చాప కడిగిందే గానీ, తడి చాప చుట్టి దాచెయ్యలేదు కదా?

వరాలు కొంగు వెనకాలనుంచి బయటికొచ్చింది.

"ముందు ఉచ్చ మామ్మా. నాదే. ఆ తర్వాత నీళ్ళు. ఆ తర్వాత నీలిమందు." ఒక్క క్షణం ఆగి, "నీళ్ళకి ముందు సాంబ్రాణి కూడా వేశాను. అది కూడా లెక్కేసుకో" అంది.

అంతే. ఎవరో కిసుక్కుమన్నారు. పిల్లలు మోచేతులతో పొడుచుకున్నారు. గవర్రాజు నడుం మీద చేతులేసుకున్నాడు.

"ఎనిమిదేళ్ళొచ్చాయి. పైగా ఆడపిల్ల! సిగ్గులేదే?"

వరాలుకి అప్పటిదాకా ఏడుపొచ్చింది. ఆ మాట వినగానే ఏడుపు పోయి నోరొచ్చింది.

"మగపిల్లాడు పోస్తే దూది తడవదా మావయ్యా?"

మామ్మ బెత్తం నేలకేసి కొట్టింది. "తీర్పు తర్వాత. ముందు పరుపు. ఒసే వరాలూ, ఇంట్లో పొడి పాతబట్టలెన్నున్నాయో అన్నీ తే. మిగతావాళ్ళు నిలబడి నవ్వేబదులు మీ ఇళ్ళలోవీ తెండి."

అప్పుడు పని మొదలైంది.

మొదట తడి లాగాలి. మంచాన్ని నలుగురు పట్టి పెరట్లో ఎండలోకి తెచ్చారు. మామ్మ పొడిబట్టలు మడతలు మడతలుగా పరిచి వరాల్ని పరుపు ఎక్కమంది. "రుద్దకు. రుద్దితే మరక ఇంకా లోపలికి పోతుంది. తొక్కు." వరాలు తొక్కింది. బట్ట తడవగానే తీసి ఇంకో బట్ట. అది తడవగానే ఇంకోటి. ఎగతాళి చేసిన పిల్లలే "నేనూ తొక్కుతా, నేనూ తొక్కుతా" అని ఎగబడ్డారు. పరుపు మీద ఎగరమని పెద్దవాళ్ళే చెప్పే రోజు ఇంకోసారి వస్తుందా మరి?

ఆ తర్వాత వాసన లాగాలి. మామ్మ నిమ్మకాయ పిండిన నీళ్ళలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, తడి పడ్డ చోట అద్దింది. పొయ్యిలోంచి బూడిద తెప్పించి, మెత్తగా జల్లించి, మందంగా చల్లింది. "ఇప్పుడు దీన్ని ముట్టుకోకండి. అది తాగుతుంది." కాసేపటికి పొడి బూడిద ముద్దకట్టింది. దులిపి మళ్ళీ చల్లింది. రెండోసారి తక్కువ ముద్దకట్టింది. మూడోసారి పొడిగానే ఉండిపోయింది. మామ్మ వంగి వాసన చూసి తలూపింది.

మిగిలింది ఆరబెట్టడం. పొద్దు నడినెత్తికొచ్చేస్తోంది. మూడు కడవలు తాగిన దూది గలేబులో ఉండగా సాయంత్రానికి ఆరదు. మామ్మ ఒక్క క్షణం తటపటాయించింది. వీధివైపు చూసింది, వరాలువైపు చూసింది.

"కుట్టు విప్పాల్సిందే" అంది.

నలభై ఏళ్ళలో ఆ పరుపు కుట్టు ఎవరి ఎదటా విప్పలేదు మామ్మ. తెల్లగలేబు ఊడదీసి వరాలు చేతిలో పెట్టింది. "ఇది బట్ట. నీకొచ్చిన విద్య దీనికి పనికొస్తుంది. కాలువలో ఉతుక్కురా." వరాలు పరుగున వెళ్ళి ఉతికి తెచ్చింది. నీలం మాత్రం పోలేదు. ఎలా పోతుంది? వాళ్ళ వీధి నీలం పోతే వాళ్ళ దగ్గర బట్ట ఎవరు కొంటారు?

తిరిగొచ్చేసరికి పెరట్లో అందరూ పరుపు చుట్టూ మూగి ఉన్నారు. వరాలు వాళ్ళ మోచేతుల కిందనుంచి దూరి చూసింది.

గలేబు కింద పరుపుకి ఇంకో గుడ్డ ఉంటుందిగా, చారల గుడ్డ. ఆ చారల గుడ్డ నిండా మరకలు. ఒకటి కాదు, రెండు కాదు. పెద్దవీ, చిన్నవీ, గుండ్రంవీ, వంకరవీ. అన్నీ ఆరిపోయి, వెలిసిపోయి, ఏ వాసనా లేకుండా శుభ్రంగా ఉన్న మరకలు.

"ఇవెవరివి మామ్మా?" అంది వరాలు.

మామ్మ బెత్తం కొనతో చూపించింది. "ఇది మీ నాన్నది. పాలు తాగే వయసు, ఈ పరుపు మీద మొదటి పురుడు. ఇది మీ అమ్మమ్మ జ్వరంలో కషాయం ఒలకబోసుకున్నది. ఇది చివరింటి అల్లుడిది, పెళ్ళైన కొత్తలో గారెలు ఎక్కువ తిని... సరే, అది వద్దులే. ఇది నాది. ముసలితనం వచ్చాక నాకూ అప్పుడప్పుడూ అవుతుంది."

"మరి ఇది?" వరాలు అన్నిటికంటే పెద్ద మరక చూపించింది. తామరాకంత వెడల్పున విస్తరించి ఉంది.

మామ్మ బెత్తం కొన తనంతట తనే మెల్లిగా లేచి గవర్రాజు వైపు తిరిగింది.

"పదకొండేళ్ళప్పుడు" అంది మామ్మ.

గవర్రాజు దగ్గాడు. తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "దూది ఆరబెట్టాలి కదా, ఇలా నిలబడితే ఎలా" అంటూ ముందుగా ఆయనే కూచుని తడి దూది విప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు చూడాలి ఆ నవ్వులు! అది వరాల్ని చూసి నవ్విన నవ్వు కాదు. ఎవరి మరక చూసుకుని వాళ్ళు నవ్విన నవ్వు. వరాలు గుండెల మీద పొద్దుటినుంచీ కూచున్న మూడు కడవల బరువు ఒక్కసారిగా దిగిపోయింది.

వీధంతా పెరట్లో బారులు తీరి కూచుంది. ఉండలు కట్టిన దూదిని వేళ్ళతో విడదీసి, పొడి చాపల మీద పలచగా పరిచారు. ఎండ ఆ రోజు ఎవరో పిలిచినట్టు వచ్చి కూచుంది. పిల్లలు దూది ఎగిరిపోకుండా పలచటి బట్టలు కప్పి నాలుగు మూలలా రాళ్ళు పెట్టారు. చారల గుడ్డ వేపాకు నీళ్ళలో జాడించి ఆరేశారు.

దూది విప్పుతూ వరాలు అడిగింది. "మామ్మా, పాడుచేసిన ఇంటికి మళ్ళీ పరుపు లేదంటే, ఈ లెక్కన ఈ వీధిలో ఎవరికీ పరుపు ఉండకూడదుగా?"

"అవును."

"నువ్వు కూడా ఇచ్చుకోకూడదుగా?"

"అవును."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు దాచిపెట్టావు?"

"దాచలేదే పిల్లా. శుభ్రం చేశాను. దాచడం వేరు, శుభ్రం చెయ్యడం వేరు."

"శుభ్రం చేసిన సంగతి దాచావుగా! ఎలా చెయ్యాలో ముందే చెప్పుంటే నేను సాంబ్రాణి వేసేదాన్నా? నీళ్ళు పోసేదాన్నా? నీలిమందు పూసేదాన్నా? అందరికీ అవుతుందని తెలిస్తే మా అమ్మ అన్ని అబద్ధాలాడేదా?"

చేతులన్నీ ఆగిపోయాయి. మామ్మకి ఎవరూ ఎదురు చెప్పరు. మామ్మ బెత్తం పక్కన పెట్టింది.

"తప్పు నాదే" అంది. "పరువు పోతుందని ఒక్కొక్కళ్ళూ నా చెవిలో చెప్పి ఏడ్చేవారు. ఎవరి ఏడుపు వాళ్ళ దగ్గరే ఉంచాననుకున్నాను. ప్రతి ఇంటికీ ఒక భయం పంచిపెట్టానని అనుకోలేదు. సరే, ఆ కట్టుబాటు ఇవాళ్టితో సరి. కొత్తది నువ్వు చెప్పు."

వరాలు ముక్కు మీద అంటిన దూది తుడుచుకుంది. "ఎవరికైనా అవుతుంది. అయితే చెప్పాలి. చెబితే అందరూ వచ్చి తొక్కాలి."

"తొక్కడానికి నేను వస్తా!" అని పిల్లలందరూ ఒక్కసారే అరిచారు.

పొద్దు వాలేసరికి దూది పొంగి చాపలు దాటింది. చారల గుడ్డలో నింపి, కుట్టు వేసి, మామ్మ బెత్తంతో రెండు వైపులా దులిపింది. తెల్లగలేబు ఆరింది. దాని మీద నీలి మరక అలాగే ఉంది. వాళ్ళమ్మ ఆ మరక కాసేపు చూసింది. ఆ తర్వాత లోపలికెళ్ళి రేకుల అచ్చు తెచ్చి, ఎర్రరంగులో ముంచి, వరాలు చేతికిచ్చింది. వరాలు నీలం చుట్టూ ఒక్కొక్క రేకే అద్దింది. ఒకటి, రెండు, మూడు... చుట్టూ తిరిగొచ్చేసరికి మరక కాస్తా నీలి బొడ్డున్న ఎర్రపువ్వయింది.

అప్పుడు కాలువలో పడవ కూత వినిపించింది.

పిన్ని దిగింది. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి అక్క భుజం మీద. మెల్లిగా ఇంటికొచ్చింది, మెల్లిగా మంచం మీద కూచుంది, మెల్లిగా ఒరిగింది. వరాలు ఊపిరి బిగబట్టి చూసింది. పిన్ని కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చింది.

"అమ్మయ్య... ఎంత బావుందే అక్కా. వెచ్చగా ఉంది. ఎండ వాసనొస్తోంది."

వరాలు బిగబట్టిన ఊపిరి వదిలింది. ఆ తర్వాత పిన్ని చెవి దగ్గర చేరి పొద్దుటినుంచీ జరిగింది ఒక్కటి కూడా వదలకుండా చెప్పింది. సాంబ్రాణితో సహా. పిన్ని నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది. "చాలించవే, ఇప్పుడే పుట్టేట్టున్నాడు!"

ఇప్పుడే పుట్టలేదు, మూడు రోజులకి పుట్టింది. ఆడపిల్ల. పుట్టిన గంటకే ఏం చేసిందో చెప్పుకో చూద్దాం?

ఆఁ, అదే. పరుపు తడిపింది.

అందరికంటే ముందు వరాలే పొడిబట్ట పట్టుకుని పరిగెత్తింది. ఈసారి తొక్కలేదులే, బాలింత ఉందిగా, మెల్లిగా అద్దింది. బూడిద జల్లింది. "కంగారు పడకమ్మా చిన్నీ, ఇది నాకు తెలిసిన పనే" అని ఆ పసిగుడ్డుకి చెప్పింది. ఆ తర్వాత పెద్దపువ్వు పక్కన చిన్నపువ్వు అద్దింది.

అప్పటినుంచీ ఆ వీధిలో పరుపు ఏ ఇంట్లో తడిస్తే ఆ ఇల్లు ఒక పువ్వు అద్దడం అలవాటైంది. గవర్రాజు కూడా ఎవరూ చూడకుండా వచ్చి పాతబాకీగా ఒకటి అద్దిపోయాడు. అన్నిటికంటే పెద్దది. కొన్నేళ్ళకి ఆ పరుపు మీద తెలుపే కనపడకుండా పోయింది.

మరి వరాలు మానేసిందా అంటావా? వెంటనే మానలేదు. ఇంకో రెండు మూడు పువ్వులు అద్దింది. ఆ తర్వాత ఎప్పుడో మానేసింది. ఎప్పుడు మానేసిందో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. వరాలు కూడా గుర్తుపెట్టుకోలేదు.

ఇంక పడుకో, బంగారం. తడిస్తే తడుస్తుంది. అమ్మమ్మని లేపు, చాలు. పొడిబట్ట ఇదిగో, తలగడ పక్కనే ఉంది.

కథేమో కంచికి,
పరుపేమో ఎండకి,
బూడిదేమో పాదుకి,
భయమేమో కాలువకి,
మనమేమో నిద్దరకి.